అప్పకు పడని మందు

"ఇంతకు ముందు ఏ మందైనా, తిండైనా మీకు పడలేదామ్మా?" అని నర్సు అడిగింది.

"నేదమ్మా. అన్నీ పడతాయి," అంది మా అప్ప.

మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ప్రశ్నా విన్నాను, జవాబూ విన్నాను. అందుకే ఆ తర్వాత జరిగినదానికి ఎవరు ఎవరిని తప్పు పట్టినా నేను ఊరుకోలేదు. ఇప్పటికీ ఊరుకోను.

మా అప్ప అరకు దాటాక కొండ మీద, మేం పుట్టిన ఊళ్ళోనే ఉంటుంది. బావ పోయాక కాఫీ తోట, మిరియం పాదులు, మేకల మంద అన్నీ తనే చూసుకుంటోంది. నేను ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళితో పాటు చర్చిలో కలిశాను. అరకులో ఇల్లు కట్టుకున్నాను. ఇద్దరి మధ్యా జీపులో ఎక్కిపోయేంత దూరమే. కానీ చాలా ఏళ్ళు నేను ఆ జీపు ఎక్కలేదు. ఎందుకో చెప్తాను.

ఇల్లు కట్టుకున్నాక గృహప్రవేశ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారు, సంఘం పెద్దలు, స్కూలు టీచర్లు అందరూ వచ్చారు. మేక కూర వండించాను. మా అప్ప కూర మొత్తం ఆకు అంచుకు నెట్టేసి, తెల్లన్నంలో చింతపండు చారు పోసుకుని తిని లేచిపోయింది. పాస్టరమ్మగారు అందరికీ వినిపించేలా అడిగారు: "మీ అక్కగారు మన చేతి వంట ముట్టరా టీచరుగారూ?" నేనేం చెప్పను? చిన్నప్పుడు ఒకే ఆకులో మేక కూర కోసం కొట్టుకున్నవాళ్ళం. మూలగ ఎముక ఎవరికని జుట్లు పట్టుకున్నవాళ్ళం. అలాంటిది, నేను దేవుణ్ణి మార్చుకున్నానని నా ఇంటి కూర మైలయింది కాబోలు అనుకున్నాను. వెళ్ళేటప్పుడు "అప్పా, ఎందుకు తిన్లేదు?" అని అడిగాను. "నాకు వద్దే," అంది, అంతే. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. ఊరి పండగలకు ఎలాగూ వెళ్ళను.

ఆమెకు జబ్బు చేసిందని కూడా నాకు ఎవరూ కబురు పెట్టలేదు. సంతలో మిరియాలు అమ్ముకుంటున్న మా ఊరావిడ చెప్పింది: మీ అప్పకు విరేచనంలో రక్తం పడుతోంది, మొలలని పసరు మందు తాగుతోంది, సగమైపోయింది అని. నేను జీపు ఎక్కాను. గడపలో కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి, "దారి తెలిసిందేటే?" అంది. ఆ మాట కూడా నేను మర్చిపోలేదు గాని, అప్పుడు జవాబు చెప్పే సమయం కాదు. విశాఖకు తీసుకుపోయాను.

పెద్దపేగులో ఎడమ వైపు క్యాన్సర్. అప్పటికే లివర్ మీద మచ్చలు. ఆస్పత్రి కౌంటర్లో ఒకామె ఇంకొకామెతో "ఏజెన్సీ కేసు" అంది, మేం ఎదురుగా నిలబడి ఉండగానే. డాక్టరు కుర్రవాడు. మర్యాదగానే మాట్లాడాడు గాని, మా అప్ప నెత్తి మీదుగా నాతో, "ఆవిడకి అర్థమవుతుందాండీ?" అని అడిగాడు. "తోట మొత్తం ఒక్కతే నడిపిస్తోంది. అర్థమయ్యేలా మీరు చెప్తే అర్థమవుతుంది," అన్నాను. అతను కొంచెం తగ్గి, కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

మొదట కీమో ఒక్కటే ఇచ్చారు. కొంత ఆస్పత్రిలో ఎక్కించి, మిగతాది నడుముకు కట్టే చిన్న పంపుతో ఇంటికి పంపేవారు. చన్నీళ్ళు ముట్టుకుంటే ఆమె వేళ్ళలో ముళ్ళు గుచ్చుకునేవి. చలికాలం అరకులో చన్నీళ్ళు ముట్టకుండా బతకడం ఎలాగో ఆ డాక్టరుకు తెలియదు. ప్రతి పనికీ నీళ్ళు కాచి ఇచ్చాను. నా ఇంట్లోనే ఉంది. కోడి కూర తినేది, చేపలు తినేది. మేక మాంసం నేను వండలేదు. వండితే మళ్ళీ నెట్టేస్తుందని, ఆ అవమానం రెండోసారి పడలేనని వండలేదు.

తర్వాత పేగులోంచి తీసిన ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. ఈ గడ్డ రకానికి కీమోతో పాటు ఇంకో మందు కలపవచ్చని డాక్టరు చెప్పాడు. క్యాన్సర్ కణం ఒంటి మీద, పెరగమనే కబురు అందుకునే చోటొకటి ఉంటుందట. ఈ మందు సరిగ్గా అక్కడికే పోయి అతుక్కుని కబురు అందనివ్వదట. కీమో చంపుతుంది, ఇది ఎదగనివ్వదు. రెండూ కలిస్తే లివర్ మీది మచ్చలు కుంచించుకుపోయే అవకాశం ఎక్కువ. తగినంత కుంచించుకుపోతే ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. కీమో ఒక్కదానితో ఆ అవకాశం తక్కువ. అంటే మా అప్ప బతుకు ఆ రెండో సీసా మీద ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. "మరి బేగి ఎక్కించండి బాబూ, కాఫీ పండ్లు కోతకొచ్చేత్తన్నాయి," అంది.

ఆ మందు ఎక్కించే రోజు పొద్దున నర్సు అడిగిన ప్రశ్నే మొదట రాశాను.

వెనక్కి వాలే పెద్ద కుర్చీలో పడుకోబెట్టారు. ముందుగా ఏదో సూది ఇచ్చి, తర్వాత సీసా తగిలించారు. మా అప్ప కుర్చీ చేతుల్ని తడిమి, "మా సర్పంచికి కూడా నేదే ఇలాటి కుర్సీ," అంది. నేను నవ్వాను. నవ్వు పూర్తి కాకముందే ఆమె అరచేతులు గోక్కోవడం చూశాను.

"సెల్లీ, నాలిక మందంగా ఉందే."

అదే ఆమె సరిగ్గా పలికిన చివరి మాట. ముఖం ఎర్రబడింది. పెదాలు నా కళ్ళ ముందే ఉబ్బిపోయాయి. కళ్ళు మూసుకుపోయాయి. మెడ మీద దద్దుర్లు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పాకాయి. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. నేను అరిచాను. నర్సు పరిగెత్తుకొచ్చి సీసా ఆపింది. ఇంకెవరో తొడలో సూది పొడిచారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. "బీపీ దొరకట్లేదు," అని ఎవరో అన్నారు. నన్ను భుజాలు పట్టి బయటకు నెట్టి తెర లాగేశారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, ఆ తెర బయట నిలబడితే నోట ఒక్క ప్రార్థన రాలేదు. ఏ దేవుడి పేరూ రాలేదు. తెర కింద నుంచి వాళ్ళ చెప్పులు అటూ ఇటూ కదలడం చూస్తూ నిలబడిపోయాను.

బతికింది. ఐసీయూలో పెట్టారు. మర్నాటికి వాపు దిగింది. గొంతు బొంగురు పోయిందే తప్ప మనిషి మామూలుగానే ఉంది.

నా మనసు మాత్రం మామూలుగా లేదు. డాక్టరు రాగానే పట్టుకున్నాను. ఆ మందు గడువు తేదీ ఎవరు చూశారు? ఒకరి సీసా ఇంకొకరికి తగిలించారా? ఏజెన్సీ కేసు కదా, పోతే అడిగేవాళ్ళెవరనుకున్నారా? పై వాళ్ళకు ఫిర్యాదు పెడతానన్నాను. బస్సు డిపో దగ్గర్నుంచి డీఈఓ ఆఫీసు దాకా ఫిర్యాదు పెట్టి జవాబు రప్పించుకోని చోటు లేదు నాకు. అతను అంతా విన్నాడు. అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు:

"ఆవిడ మటన్ తింటారాండీ?"

నా ఒళ్ళు మండిపోయింది. కింద వాళ్ళు మా కొండ వాళ్ళను అడిగే మొదటి ప్రశ్న అదే. ఏం తింటారు, ఎలకలు తింటారా, చీమలు తింటారా అని. ట్రైనింగు కాలేజీలో నా టిఫిన్ డబ్బా మూత ఎత్తి చూసి నవ్వినవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

"మా తిండితో మీకేం పని?" అన్నాను.

"పని ఉందండీ. మేక, గొర్రె, పంది, ఇలాంటి మాంసం తిన్న కొన్ని గంటలకు ఆవిడకి ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా? పశువులకి పట్టే పిడుదులు కుడుతుంటాయా? దయచేసి ఒకసారి అడిగి చెప్పండి."

మేకలు కాసేవాళ్ళను పిడుదులు కుట్టకపోతే ఇంకెవర్ని కుడతాయి? కాళ్ళ మీది నుంచి వాటిని గిల్లి పారేయడం మాకు పొద్దున ముఖం కడుక్కోవడం లాంటిది. కానీ మాంసం మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆకు అంచుకు నెట్టేసిన కూర కళ్ళ ముందుకు వచ్చింది. డాక్టరుకు ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళాను.

"అప్పా, నువ్వు మేక మాంసం ఎందుకు తినవు?"

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"చెప్పు. డాక్టరు అడుగుతున్నాడు."

"ఆడికెవులు సెప్పారు?"

డాక్టరుకు ఎలాగూ తెలిసిపోయిందనుకుని చెప్పింది. ఎన్నో ఏళ్ళ కిందట, వేసవిలో ఊరంతా చేసుకునే ఇటుకల పండగలో మేక కూర తిని ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక చచ్చి బతికిందట. ఆ తర్వాత రెండుసార్లు అదే జరిగిందట. ఊళ్ళో పూజలు, మంచి చెడ్డలు చూసే దిసారిని పిలిపించారట. నాలుక్కాళ్ళ జంతువు మాంసం నీ ఒంటికి పడదు, ఊరి తల్లి వద్దంటోంది, కోడి, చేప తిను, ఇది నీకు మొక్కు అని చెప్పాడట. మొక్కు ఊరు దాటి బయట చెప్పుకుంటే చెడిపోతుందని కూడా చెప్పాడట.

"మరి నర్సు అడిగింది కదా, ఏదైనా పడదా అని?"

"ఆవిడ రోగాల గురించి అడిగింది. మొక్కు గురించి అడిగిందేటి?"

"ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు."

"మరి నాకు?"

ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది. నేను మళ్ళీ అడిగాను. నేను అడిగితే జవాబు వచ్చేదాకా అడుగుతానని ఆమెకు తెలుసు.

"నీకు సెప్తే నువ్వు నవ్వుతావని సెప్పనేదే. సర్సిలో సెప్పి పదిమంది సేత నవ్విత్తావని."

సీసా కింద ఆమె పెదాలు ఉబ్బినప్పుడు కలిగినదొక దెబ్బ. ఇది ఇంకొకటి. ఇది పెద్దది. మా ఊళ్ళో పొయ్యి దగ్గర కూర్చునే పిల్లలకు కూడా తెలిసిన సంగతి, తోడబుట్టినదాన్ని, నాకు తెలియదు. నేను తప్పు చేశానని ఇక్కడ రాయడం లేదు. ఎప్పుడైనా ఆమె మొక్కుల్ని చూసి నవ్వానా? నవ్వలేదు. నవ్వుతానని వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే తలుపు వేసుకున్నారు. ఆ తలుపు మా అప్ప ప్రాణం తీయబోయింది. దీన్ని నేను చచ్చేదాకా మర్చిపోను.

బయటికి వచ్చి డాక్టరుకు చెప్పాను. అతను తల పంకించాడు. పిడుదులు పదే పదే కుట్టినప్పుడు కొందరి ఒంట్లో, నాలుక్కాళ్ళ జంతువుల మాంసంలో ఉండే ఒక చక్కెర పదార్థం మీద పగ పుడుతుందట. పక్షుల్లో, చేపల్లో అది ఉండదు. నిన్న ఎక్కించిన మందును ఎలుక కణాల్లో తయారు చేస్తారట. అందులో అదే చక్కెర ఉంటుందట. మాంసమైతే కడుపులోంచి నెమ్మదిగా ఎక్కుతుంది, ఇది నేరుగా రక్తంలో కలిసింది. రక్త పరీక్షకు పంపిస్తామన్నాడు. తర్వాత అది నిజమనే వచ్చింది. అదే చోటికి అతుక్కుని అదే పని చేసే వేరే మందు ఉందట. దాంట్లో ఆ చక్కెర ఉండదట. "ఇబ్బంది అసలు రాదని చెప్పలేను. కానీ చాలా తక్కువ," అన్నాడు.

ఇదంతా అతను మా అప్పకు కూడా చెప్పాడు, ఈసారి ఆమె ముఖం చూస్తూ. ఆమె శ్రద్ధగా విని, ఒక్కటే అడిగింది.

"ఈ కొత్తదాంట్లో నాలుక్కాళ్ళది ఉందా బాబూ?"

డాక్టరు ఆమె వైపు వంగాడు. "తయారు చేసేది ఎలుక జాతి జంతువు కణాల్లోనేనమ్మా. వేరే రకం ఎలుక. కానీ మీకు పడని పదార్థం దాంట్లో ఉండదు."

"అయితే వద్దు. తల్లి ఒకసారి సూపించింది. రెండోసారి సూపించదు, తీసుకుపోతాది."

వరండాలో అతన్ని ఆపాను. "లేదమ్మా అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

"ఒక మాట తెలియకే కదండీ ఇంత జరిగింది," అన్నాడు. "ఇప్పుడు నేనొకటి దాస్తే ఎలా?"

నాకు కోపం వచ్చింది. 

అప్ప నా ఇంటికి కూడా రాలేదు. నేరుగా కొండెక్కి మేకల దగ్గరకు పోయింది. కీమో ఒక్కటీ చాలంది. ఎక్కించుకోవాల్సిన తేదీ దగ్గర పడుతుంటే నేను పైకి వెళ్ళాను. కాఫీ పండ్లు ఆరబోసిన పట్టా పక్కన కూర్చుని చెత్త ఏరుతోంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఒక మేకపిల్ల పడుకుని ఉంది. నాకు రాగి పిండితో కాచిన చోడి అంబలి పోసి ఇచ్చింది. తాగాను.

"దిసారినే అడుగుదాం పద," అన్నాను.

"ఆ ముసిలోడు పోయి సాలా కాలమైంది. ఇప్పుడు ఆడి కొడుకు. ఆడికేటి తెలుసు, ఎప్పుడూ ఫోన్లో డాన్సులు సూత్తా ఉంటాడు."

"మరి తల్లి వద్దందని నీకెలా తెలుసు?"

"సూడనేదేటే? నా మూతి గుమ్మడికాయ అయిపోనేదా?"

"అయింది. మరి ఈ పిల్ల?" అని మేకపిల్లను చూపించాను. "దీనివి నాలుగు కాళ్ళు కావా? చలికాలం పక్కలో పడుకోబెట్టుకుంటావు. ఈనితే చేతులు మోచేతుల దాకా నెత్తురవుతాయి. అప్పుడెప్పుడైనా తల్లి వద్దందా? నీ మూతి వాచిందా?"

ఆమె చేతిలోని పండ్లు పట్టా మీద వదిలేసింది.

"తల్లికి మేకల మీద పగ లేదప్పా. నీకు పడనిదేదో దాన్నే వద్దంది. డాక్టరూ అదే అంటున్నాడు. ఆ పడనిది ఈ సీసాలో లేదంటున్నాడు. ఉంటే నీ ఒళ్ళే చెప్తుంది. పోయినసారీ అదే చెప్పింది."

నేను తల్లి తరఫున వాదిస్తున్నానని నాకే వినిపించింది. సంఘంలో ఎవరైనా వింటే ఏమనుకుంటారని ఒక క్షణం అనుకున్నాను. అనుకుంటే అనుకోనీ.

"నువ్వు నవ్వడం నేదా?" అని మా అప్ప నా ముఖంలోకి చూసింది.

"నేనెప్పుడు నవ్వానే?"

"నీ మొగం నవ్వే మొగం కాదులే," అని తనే నవ్వింది. చాలాసేపు మేకపిల్ల చెవులు నిమురుతూ కూర్చుంది. తర్వాత అంది: "కొంచెం ఎక్కించి సూడమను. పడనేదనుకో, ఆ కుర్సీలోనే తల్లికి దండమెట్టుకుని లేసొచ్చేత్తాను. మళ్ళీ ఇంకో మందని నువ్వు నా ఎనక పడకూడదు. ఒట్టెయ్."

ఓడిపోతే నోరెత్తనని నా జీవితంలో ముందే ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. చేతిలో చెయ్యేశాను.

మళ్ళీ అదే గది. ఈసారి డాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు. సూదులు, ఆక్సిజన్ దగ్గర పెట్టుకున్నారు.  మా అప్ప కొంగు నడుముకు బిగించి, చేయి చాచింది. చాలా నెమ్మదిగా మందు వదిలారు. నాకు కుర్చీ ఇచ్చారు గాని కూర్చోలేకపోయాను. ఆమె పెదాలు చూశాను. అరచేతులు చూశాను. మెడ చూశాను. మళ్ళీ పెదాలు చూశాను.

ఒకసారి ఆమె గొంతు సవరించుకుంది. నేను కేక పెట్టాను. నర్సు ఒక్క దూకులో వచ్చింది.

"ఏటే, మనిషి దగ్గకూడదా?" అంది అప్ప. "నీ కేకకే పోయేటట్టున్నాను. నర్సమ్మా, దీన్ని బయటకు తోలండి."

"నేను పోను," అన్నాను.

"పోవు. నాకు తెలుసు."

 సీసాలో మందు దిగుతోంది. ఆమె కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. తల్లితో మాట్లాడుతోంది. నేనూ మాట్లాడాను, నా దేవుడితో. ఎవరి మాట ఎవరు విన్నారో నాకు తెలియదు. కాసేపటికి ఆ పెదాలు కదలడం ఆగింది.  వంగి చూశాను. పెదాలు పలచగా, నల్లగా, ఎప్పుడూ ఉండేటట్టే ఉన్నాయి. గుర్రు పెడుతోంది.

నర్సు వచ్చి ఖాళీ అయిన సీసా తీసి, దాని చోట కీమో సీసా తగిలించింది. డాక్టరు నా వైపు చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. స్కాన్ తీయడానికి ఇంకా కాలం ఉంది. లివర్ మీది మచ్చలు ఏమవుతాయో ఎవరికీ తెలియదు.

నేను అప్పుడు కూర్చున్నాను.